పరేలులో 21 రోజుల పంచాంగం

ముంబయి నగరంలో పరేలు స్టేషను దగ్గర టాక్సీ ఎక్కి ‘టాటా’ అంటే చాలు, మరో ప్రశ్న రాదు. దేశంలో మరెక్కడైనా ఆ పేరు లారీనో ఉక్కునో గుర్తు చేస్తుంది. ఈ పేటలో దానికి ఒకటే అర్థం, కాన్సరు ఆసుపత్రి. భుజానికి సంచీ తగిలించుకొని, దళసరి ఫైలును గుండెకు హత్తుకొని వచ్చేవారిని చూస్తే దారిన పోయేవారే వేలు చూపి పంపుతారు.

ఒకప్పుడు పరేలు నూలుమిల్లుల లోకం. తెలంగాణ పల్లెల నుంచి వలసవచ్చిన పద్మశాలీలెందరో ఇక్కడి మగ్గాల మీద జీవితాలు గడిపారు. 1982లో ఆరంభమైన మహాసమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. పొగగొట్టాల స్థానంలో ఆకాశహర్మ్యాలు లేచాయి. ఆసుపత్రుల వీధి మాత్రం నిలిచింది. లేడీ మెహర్‌బాయి టాటా 1931లో రక్తకాన్సరుతో కన్నుమూశారు. మరుసటి ఏడు భర్త దొరాబ్జీ కూడ గతించారు. ఆయన పేరిటి ధర్మనిధి 1941 ఫిబ్రవరి 28న ఈ ఆసుపత్రిని తెరిచింది. 1962లో ఇది కేంద్ర అణుశక్తి విభాగం అజమాయిషీలోకి వచ్చింది.

తలుపులు తెరిచిన నాడు వైద్యుల చేతిలో ఉన్నవి ప్రధానంగా శస్త్రమూ, కిరణమూ. 1942లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో, యుద్ధపు విషవాయువుకు దాయాది అయిన ఒక రసాయనాన్ని రోగికి ఎక్కించి చూశారు. నేటి కీమోథెరపీకి అది నాంది. ఇటువంటి మందులు త్వరత్వరగా విభజన చెందే కణాలను చంపుతాయి. అందువల్లనే కాన్సరు కణాలతో పాటు జుట్టు కుదుళ్ళు, నోటి లోపలి పొర, ఎముకమజ్జ కూడ దెబ్బతింటాయి. ఈ సంగతి గ్రహించినవారికి రోజులు గడిపే విధానం సగం బోధపడినట్టే.

ఆసుపత్రి చుట్టుపక్కల ధర్మశాలల్లో బసచేసిన కుటుంబాలు వారాలను, తిథులను మరచి మరొక పంచాంగం పాటిస్తాయి. అనేక మందులను 21 రోజులకొకసారి ఎక్కిస్తారు. కొన్నింటికి వారం, కొన్నింటికి రెండు వారాలు గడువు. మందు ఎక్కించిన నాడు ఒకటవ రోజు. అక్కడినుంచి లెక్క.

మొదటి నాలుగైదు రోజులు వంటవారికి పరీక్ష. తాలింపు వాసన తగిలితేనే రోగి ముఖం తిప్పుకొంటాడు. అనుభవమున్నవారు పొయ్యికి దూరంగా కూర్చోబెట్టి, చల్లారిన ఇడ్లీయో గంజియో రెండు మూడు గంటలకొకసారి కొద్దికొద్దిగా పెడతారు. వాంతి మాత్రను వాంతి అయిన తర్వాత కాక, వైద్యుడు చెప్పిన వేళకు ముందే వేస్తారు. నోరు పుండు పడకుండ ఉప్పునీటితో పుక్కిలింత, పళ్ళకు మెత్తని బ్రష్షు.

రెండవ వారం మోసకారి. వాంతులు తగ్గి, మనిషి కోలుకొన్నట్టు కనిపిస్తాడు. కాని సుమారు 7 నుంచి 14వ రోజు వరకు రక్తంలో తెల్లకణాలు అట్టడుగుకు దిగుతాయి. దాదరులో సంత్ గాడ్గే మహారాజ్ పేర ఒక ధర్మశాల ఉన్నది. 1956లో కీర్తిశేషుడైన ఆ సంచారి చేత చీపురు పట్టి, అడుగుపెట్టిన ప్రతి ఊరినీ ఊడ్చేవాడు. ఆ రోజుల్లో ఆయన చీపురే రోగికి కవచం. సబ్బుతో కడిగిన చేతులు, కాచి చల్లార్చిన నీరు, అప్పుడే వండిన అన్నం. బండి మీది కోసిన పండ్లు వద్దు. ఇంట ఒలిచిన అరటిపండు మేలు. జనసమ్మర్దానికి దూరంగా ఉండడమూ అవసరమే.

అన్నిటికన్న విలువైన వస్తువు దిండు పక్కనున్న థర్మామీటరు. 38 సెంటీగ్రేడు డిగ్రీలు, అంటే 100.4 ఫారెన్‌హీటు దాటితే మాత్ర మింగించి తెల్లవారనిద్దామనుకోరాదు. అర్ధరాత్రి అయినా సరే, ఆసుపత్రికి పోవలసిందే. మామూలు వేళల్లో చిన్నదనిపించే ఆ జ్వరం, కణాలు తగ్గిన శరీరంలో కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక్కడికి వచ్చే తెలుగువారిని ఆశ్చర్యపరిచే విషయమొకటి ఉంది. విన్‌క్రిస్టిన్ అనే మందు మన పెరళ్ళలో పూచే బిళ్ళగన్నేరు నుంచి తీసినదే. ఆ మాట విని ఊళ్ళో ఆకు నూరి పసరు పోయాలని ఎవరైనా తలపెడితే అది ఘోరమైన పొరపాటు. మందు కొలత మిల్లీగ్రాములలో ఉంటుంది. పసరులోని విషానికి కొలత లేదు. ఏ నాటువైద్యమైనా వైద్యునికి చెప్పకుండ ముట్టరాదు.

మూడవ వారం పండుగ వంటిది. నాలుకకు రుచి తిరిగివస్తుంది. రోజంతా పడుకొనేవారికంటె, రోజూ కొద్దిదూరం నడిచేవారికి నీరసం తక్కువ. కొందరు దాదరు పూలబజారు దాకా నడిచి, మూర చేమంతులు కొని వస్తారు. జుట్టు రాలేది సాధారణంగా తొలి మందుకు రెండు మూడు వారాల తర్వాత. చికిత్స ముగిస్తే చాలామందికి మళ్ళీ మొలుస్తుంది. పరేలులో బోడితలను ఎవరూ తేరిపార చూడరు. చూపులు మొదలయ్యేది సొంత ఊరిలోనే. “తిరుపతి వెళ్ళొచ్చావా, వదినా?” అని పొరుగింటామె అడిగితే, “దేవుడి దగ్గరికే వెళ్ళి తిరిగొచ్చాను” అని నవ్వగలిగినవారున్నారు. నవ్వలేక ఏడ్చేవారూ ఉన్నారు. ఏడ్చినంత మాత్రాన ధైర్యం లేనట్టు కాదు. మరునాడు లేచి థర్మామీటరు చూసుకొంటే చాలు.

స్తోమత లేనివారికి రైల్వే ఆసరా ఉంది. చికిత్సకై ప్రయాణించే కాన్సరు రోగికి స్లీపరు, మూడవ తరగతి ఏసీ పెట్టెల్లో టికెట్టు చార్జీ ఉండదు; తోడు వెళ్ళేవారికి నాలుగింట మూడు వంతులు తగ్గింపు. దానికి ఆసుపత్రి ధ్రువపత్రం కావాలి.

21వ రోజు సాయంత్రం సంచీలు మళ్ళీ సర్దుకొంటారు. ఫైలులో నిన్నటి రక్తపరీక్ష కాగితం చేరుతుంది. తెల్లవారితే మళ్ళీ ఒకటవ రోజు. లెక్క తెలిసినవారు కనుక, ఆ రాత్రి చాలామంది నిద్రపోగలుగుతారు.