పెన్ను చెప్పింది, నేను నమ్మినాను

కాస్త పొడుగు పోస్టే. అయినా ఇంట్లో ఆర్వో నీళ్ల మిషన్ ఉన్నవాళ్లు చివరిదాకా చదవండి. మీలో పదకొండు ఇళ్లవాళ్లు అది కొన్నది నా మాట మీదే.

మూడేళ్ల కిందట చింతామణిలో మా ఇంటికి ఒక కుర్రోడు వచ్చినాడు. రెండు గ్లాసులు అడిగి, ఒకదాంట్లో మా బోరు నీళ్లు, ఇంకోదాంట్లో తను తెచ్చిన నీళ్లు పోసి, కరెంటు కడ్డీలు ముంచినాడు. రెండు నిమిషాల్లో మా నీళ్లు తుప్పు రంగుకు తిరిగి పైన తెట్టు కట్టింది. ఆయన నీళ్లు తేటగా అట్లనే ఉన్నాయి. "అమ్మా, మీరు రోజూ తాగేది ఇదే" అన్నాడు. మా అమ్మ ఆ రాత్రి నీళ్లు ముట్టలేదు. మర్నాడే మిషన్ గోడకెక్కింది.

ఆ తుప్పు నీళ్లలోది కాదు, కడ్డీలోది. ఉప్పులున్న నీళ్లలో కరెంటు పారుతుంది, ఇనుము కరిగి పైకి తేలుతుంది. ఆర్వో నీళ్లలో ఉప్పులు తక్కువ కాబట్టి కరెంటు పెద్దగా పారదు. ఈసారి ఎవరన్నా వస్తే, ఆయన తేట నీళ్లలోనే చిటికెడు వంటుప్పు వేసి కడ్డీలు ముంచమనండి. అవీ రంగు తిరుగుతాయి. (మీరు మాత్రం ఆ కరెంటు జోలికి పోవద్దు, ఆయన్నే చెయ్యనీయండి.)

అట్లని మిషన్ దండగ అనడం లేదు. మన పక్క ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. చెరువులు ఎండేకొద్దీ బోర్లు వెయ్యి అడుగులు దాటినాయి. ఆ లోతు రాళ్లలోంచి వచ్చే నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. బాగేపల్లి పక్క ఊళ్లలో పిల్లల పళ్ల మీద గోధుమ చారలు చూడనివాళ్లు మనలో లేరు. కాంచితే అది పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి భయం నిజమే. ఆ కుర్రోడు చూపించిందే వేరే.

పోయిన సంవత్సరం మా అమ్మ "నీళ్లు చప్పగా ఉన్నాయిరా" అని గొణిగింది. సర్వీసు అబ్బాయి వచ్చి మిషన్ లోపల చిన్న తిరగలి లాంటిది తిప్పినాడు. రుచి వచ్చింది. టీడీఎస్ పెన్ను ముంచితే 450 చూపించింది. "సార్, 500 లోపల ఉంటే గవర్నమెంటు లెక్కకు మంచివే" అన్నాడు. అందులో అబద్ధం లేదు, ఐఎస్ 10500 ప్రమాణంలో టీడీఎస్‌కు ఉండదగిన హద్దు 500. నేను ఆ పెన్ను ఫోటో తీసి మన గుంపులో పెట్టినాను. అది చూసే మీరు కొన్నారు.

ఈ ఎండాకాలం బాగేపల్లి దగ్గర అక్క ఊరికి పోయినాను. మనవరాలికి కొత్తగా వచ్చిన పళ్ల మీద చారలు. అక్క "తమ్ముడా, మీ మిషన్‌తో ఫ్లోరైడ్ పోతుందా?" అంది. పెన్ను సంగతి చెప్పినాను. "ఆ పెన్ను ఫ్లోరైడ్ ఇంత అని చెప్తుందా?" అంది. నా దగ్గర జవాబు లేదు. పెన్ను నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి, మొత్తం ఉప్పులు ఇంత అని అంచనా చెప్తుంది, అంతే. ఏ ఉప్పు ఎంతో దానికి తెలీదు.

చిక్కబళ్లాపురం పోయి రెండు సీసాలు ల్యాబులో ఇచ్చినాను. బోరు నీళ్లు: టీడీఎస్ 900, ఫ్లోరైడ్ లీటరుకు 3.2 మిల్లీగ్రాములు. మిషన్ నీళ్లు: టీడీఎస్ 450, ఫ్లోరైడ్ 1.6. అదే ప్రమాణంలో ఫ్లోరైడ్‌కు 1.0 ఉండాల, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. అంటే పెన్ను పాస్ చేసిన నీళ్లు ఫ్లోరైడ్‌లో ఫెయిల్. ఏడాదిగా మా అమ్మ తాగింది అవే.

తప్పు ఆ తిరగలిది. అది పొర దాటి వచ్చిన నీళ్లలో పొర దాటని నీళ్లు కలుపుతుంది. రుచితోపాటు ఫ్లోరైడ్ కూడా వెనక్కి వస్తుంది. పూర్తిగా మూయించి మళ్లీ ఇచ్చినాను: టీడీఎస్ 70, ఫ్లోరైడ్ 0.3. అమ్మ మళ్లీ చప్పగా ఉన్నాయంటోంది, తాగుతోంది.

పెన్ను పారేయకండి. తిరగలి మూసిన రోజు ఎంత చూపించిందో గోడ మీద రాసుకోండి. నెలనెలా అంకె పెరుగుతుంటే పొర పాతబడిందని అర్థం, దానికి అది బాగా పనికొస్తుంది. మిషన్ బయటికి వదిలే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ, బండలు కడగండి, వంటకు మాత్రం వాడొద్దు. యూవీ, యూఎఫ్ అని మాత్రమే రాసి ఉన్న మిషన్లు క్రిములకు సరే, ఫ్లోరైడ్‌ను ఆపవు. నాణెం వేస్తే 20 లీటర్లు ఇచ్చే ఘటకాల్లో పొర ఎప్పుడు మార్చినారో అడగండి, చెప్పకపోతే ఒక సీసా ల్యాబుకు పంపండి.

పదకొండు ఇళ్లకూ నేనే వస్తాను. ఈ ఆదివారం పొద్దున చింతామణిలో ఆరు ఇళ్లు, మధ్యాహ్నం నుంచి మిగతావి. తిరగలి నేను చూస్తాను. మీరు కుళాయి నీళ్లు ఒక సీసా, మిషన్ నీళ్లు ఒక సీసా పట్టి, పేరు రాసి పెట్టండి. సోమవారం ల్యాబుకు తీసుకుపోతాను, ఖర్చు నాదే.