పెప్రెకు శ్రుతి లేదా?

ఒక పుష్యమాసం పొద్దున మేము పిల్లలను సాంస్కృతిక పోటీకి తీసుకెళ్లాం. మా ఊరి పెద్దాయన పెప్రె ఊదుతుంటే పిల్లలు ఆడాలి. నిర్వాహకులు దానికి కీబోర్డు జత చేశారు. రెండూ కలవలేదు. "మీ వాద్యానికి శ్రుతి లేదు" అన్నారొకరు. పిల్లలు తలలు దించుకున్నారు. సైన్సు చెప్పే మాకు కూడా ఆ పూట జవాబు తోచలేదు.

తిరిగి వస్తుంటే పెద్దాయన ఒక్క మాటే అన్నాడు: "చలికి దాని గొంతు లేవలే సారూ. జరసేపు ఊదనిస్తే లేచేది."

పాఠమంతా ఆ మాటలోనే ఉంది. పెప్రెలో పాడేది కర్ర కాదు, లోపలి గాలి. పీక వణికి ఆ గాలిని ఊపుతుంది. గాలిలో ధ్వని సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 331 మీటర్లు, 20 డిగ్రీల దగ్గర సుమారు 343 మీటర్లు పోతుంది. గొట్టం పొడవు మాత్రం మారదు. అందుకే లోపలి గాలి వేడెక్కితే కంపనాలు పెరిగి శ్రుతి పైకి పోతుంది. 10 డిగ్రీల తేడాకు శ్రుతి దాదాపు 1.8 శాతం మారుతుంది. కీబోర్డు మీద, నల్ల మెట్లతో కలిపి, పక్కపక్క మెట్ల మధ్య తేడా దాదాపు 6 శాతమే. అంటే అందులో మూడో వంతు చలికే పోతుంది.

డోలును మంటకు కాచడం మన పిల్లలందరికీ తెలుసు. పెప్రెను కాచేది ఊపిరే. పెదవులతో పీకను బిగించి గట్టిగా ఊదితే శ్రుతి పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. ఊదేవాళ్లు చెవితో విని పెదవితో సరిచేసుకుంటారు. పైగా పెప్రె రంధ్రాలు కీబోర్డు లెక్కకు వేసినవి కావు.

ఇప్పుడు ధ్వని పాఠం వచ్చినప్పుడల్లా చలి పొద్దున ఒక వెదురు పిల్లనగ్రోవి తెస్తాం. ఊదగానే ఒకసారి, అయిదు నిమిషాలు ఊదాక మరోసారి ఫోన్‌లో శ్రుతి చూపే యాప్ ముందు పెడతాం. ముల్లు పైకి జరగడం పిల్లలే చూసి చెబుతారు.

కేస్లాపూర్ నాగోబా జాతరలో, మన పేన్ పూజల్లో ప్రధాన్, తోటి కళాకారుల వాద్యాలు మోగాల్సిందే. కానీ మా ఊళ్లో పెప్రె ఊదేది ఆ పెద్దాయన ఒక్కడే. శ్రుతి లేదన్న మాట నమ్మిన పిల్లవాడు రేపు దాన్ని చేతబట్టడు. అందుకే తోటి టీచర్లకు ఒక మాట. పోటీకి వెళ్తే ఊదేవాళ్లకు ముందు పది నిమిషాలు అడగండి. కీబోర్డులో శ్రుతి మార్చే మీట ఉంటుంది. దాన్నే పెప్రెకు కలపమనండి. ఆ రోజు మేము అడగలేకపోయాం.