మీటరు ఎనిమిదంటే రోడ్డు తొమ్మిది

మన తాండాల్లో బండి ఉన్న ఇంటికి రెండు అప్పులు. ఒకటి బండి కొన్నప్పుడు చేసింది, అది ఎప్పుడో ఒకప్పుడు తీరుతుంది. రెండోది డీజిల్ బంకులో చేసేది, అది తీరేది కాదు. 2014 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం డీజిల్ ధర మీద అదుపు వదిలేసింది. 2017 జూన్ నుంచి రోజుకోసారి ధర మార్చే పద్ధతి వచ్చింది. మిర్చి కిరాయి మాత్రం రోజుకోసారి మారదు. సీజన్ మొదట్లో ఒప్పుకున్నదే చివరిదాకా నడుస్తుంది. ఈ రెంటి మధ్యా నలిగేది బండి. మా బండి వెనక ఇరుసులో పళ్ళ చక్రాలు మార్చి డీజిల్ ఎంత మిగిల్చామో, ఆ మిగులు నిజమా కాదా అని ఎలా తేల్చుకున్నామో ఇక్కడ రాస్తున్నాం. బండి నడిపే తమ్ముళ్ళకు పనికొస్తుంది. పిల్లలకు లెక్కలు చెప్పే పంతుళ్ళకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

మాది పల్నాడులో బొల్లాపల్లి వైపు ఒక సుగాలి తాండా. సాగు పత్తి, మిర్చి, కాస్త కంది. బరువు మోసుకుని దూరం పోవడం మాకు కొత్త కాదు. మా పెద్దలు దాన్ని లదేణి అంటారు. ఎద్దుల వీపుల మీద గోనెలు కట్టి ఉప్పు, ధాన్యం ఊరూరూ చేర్చిన కాలం అది. మొగలుల సైన్యాలకూ, తర్వాత టిప్పు సుల్తాన్ మీదికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికీ తిండిగింజలు మోసింది మన బంజారాల ఎద్దులే. రైలుపట్టాలు పడ్డాక ఆ బతుకు పోయింది. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టం సంచారం చేసే ఎన్నో జాతులను పుట్టుకతోనే దొంగల లెక్కలో రాసింది. ఆ ముద్ర చట్టం నుంచి పోయింది 1952లో. ఈ సంగతి ఎందుకంటే, ఎంత బరువుకు ఎన్ని ఎద్దులు, ఏ దారికి ఎంత మేత అనే లెక్క మన పెద్దలకు నోటికి వచ్చేది. యంత్రం రాగానే ఆ లెక్క మనది కాదనుకుని షెడ్డులో మేస్త్రీకి అప్పజెప్పేశాం.

మేం ఐదు కుటుంబాలం కలిసి ఒక పాత డీజిల్ వ్యాను కొన్నాం. అంతకు ముందు మిర్చి గుంటూరు యార్డుకు పోవాలంటే పెట్టుబడి ఇచ్చినాయన పంపిన బండే ఎక్కాలి. కిరాయి ఎంతో మనకు చెప్పరు, అమ్మకం చీటీలో కోసేసి చూపిస్తారు. సొంత బండి వచ్చాక ఆ కోత ఆగింది. కాని డీజిల్ ఖర్చు చూసి ఏడాది తిరక్కుండానే రెండు కుటుంబాలు "అమ్మేద్దాం" అన్నాయి. బండి పోతే మళ్ళీ పాత చీటీయే గతి. మాకు ఇది మైలేజీ సరదా కాదు.

ముందు ఖర్చు లేని పనులు చేశాం. టైర్లలో గాలి సరిచేశాం. గాలి ఫిల్టరు మార్చాం. ఒక వెనక చక్రానికి బ్రేకు పట్టేసి ఉంటే వదులు చేయించాం. వేగం 50 దాటకుండా నడిపాం. ఇవన్నీ అయ్యాక వచ్చిన లెక్క ఇది: తాండా నుంచి వినుకొండ, నరసరావుపేట మీదుగా గుంటూరు యార్డుకు పోయి రావడానికి 216 కిలోమీటర్లు, 19.6 లీటర్లు. అంటే లీటరుకు 11. వీటితో ఆగిపోయినా తప్పు లేదు. చాలా బండ్లకు ఇక్కడితో ఆగడమే మంచిది.

మా బండి సంగతి వేరు. అది ఎక్కువ బరువు లాగడానికి చేసిన బండి. మేం వేసేది ఇసుక కాదు, సిమెంటు కాదు. పోయేటప్పుడు 20 మిర్చి టిక్కీలు. వచ్చేటప్పుడు ఖాళీ. వినుకొండ దాటాక దారంతా చదును. ఇంత తేలిక పనికి ఇంజను మాత్రం గొంతు చించుకుంటూ పోతుంది. నరసరావుపేటలో మేస్త్రీ ఒకాయన రోడ్డు మీద నడిపి చూసి, "అన్నా, ఇంజను బాగానే ఉంది. వెనక క్రౌను పినియన్ పెద్ద లోడు బండిది. మీకు అంత అవసరం లేదు" అన్నాడు.

క్రౌను, పినియన్ అంటే ఏమిటో తెలియని వాళ్ళకు కొంచెం చెప్పాలి. గేరుపెట్టె నుంచి ఒక పొడుగు షాఫ్టు వెనక ఇరుసు దాకా వస్తుంది. దాని చివర చిన్న పళ్ళ చక్రం, అది పినియన్. ఇరుసు లోపల పెద్ద పళ్ళ చక్రం, అది క్రౌను. చిన్నది ఎన్నోసార్లు తిరిగితే పెద్దది ఒకసారి తిరుగుతుంది. సైకిల్‌కు వెనక పెద్ద పళ్ళచక్రం వేస్తే తొక్కడం తేలిక, కాని ఎంత తొక్కినా దూరం పోదు. చిన్నది వేస్తే బరువుగా ఉంటుంది, ఒక్క తొక్కుకు ఎక్కువ దూరం పోతుంది. బండికీ అంతే.

మన బండి నిష్పత్తి ఎంతో తెలుసుకోవడానికి ఇరుసు విప్పక్కర్లేదు. చదును నేల మీద మిగతా చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, ఒక్క వెనక చక్రం జాకీతో లేపి, దాని కింద గట్టి స్టాండు పెట్టాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. టైరు మీద ఒక గీత, షాఫ్టు మీద ఒక గీత సుద్దతో గీయాలి. రెండో చక్రం నేల మీద కదలకుండా ఉంది కాబట్టి, లేపిన చక్రం రెండు చుట్లు తిరిగితేనే క్రౌను ఒక చుట్టు తిరుగుతుంది. అది డిఫరెన్షియల్ స్వభావం. మేం చక్రం 16 చుట్లు తిప్పాం. షాఫ్టు సరిగ్గా 41 చుట్లు తిరిగి గీత మొదటి చోటికే వచ్చింది. 16లో సగం 8. అంటే క్రౌనుకు 41 పళ్ళు, పినియన్‌కు 8. 41ని 8తో భాగిస్తే 5.125.

మేస్త్రీ చూపించింది అదే కంపెనీ, అదే హౌసింగులో పట్టే 41, 9 పళ్ళ జత. 41ని 9తో భాగిస్తే సుమారు 4.56. మా టైరు ఒక చుట్టుకు దాదాపు 2 మీటర్లు పోతుంది. 60 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి ఒక కిలోమీటరు, అంటే చక్రం 500 చుట్లు. మా బండికి టాప్ గేరులో ఇంజను ఎంత తిరిగితే షాఫ్టూ అంతే. కాబట్టి పాత జతతో ఇంజను నిమిషానికి సుమారు 2,560 చుట్లు తిరగాలి. కొత్త జతతో 2,280 చాలు. అదే దారికి అదే వేగానికి తొమ్మిది చుట్లలో ఒక చుట్టు తగ్గింది. ఇంజను తిరిగే ప్రతి చుట్టుకూ లోపలి రాపిడి కొంత డీజిల్ తింటుంది. మిగిలేది అక్కడే. అయితే గాలిని చీల్చడానికి, టైరు దొర్లడానికి అయ్యే ఖర్చు తగ్గదు. అందుకే తిరుగుడు తొమ్మిదో వంతు తగ్గితే డీజిల్ కూడా తొమ్మిదో వంతు తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

41 ఎందుకు, 40 ఎందుకు కాదు అని మా పిల్లలు అడిగారు. 40కి 8 పెడితే పినియన్ పన్ను ఒక్కోటీ ఎప్పుడూ క్రౌనులో అవే ఐదు పళ్ళను కొరుకుతుంది. ఒక పన్ను కొంచెం చెడితే ఆ ఐదూ చెడతాయి. 41 ప్రధాన సంఖ్య. ప్రతి పన్నూ ప్రతి పన్నునూ కలిశాకే మొదటి దాని దగ్గరికి వస్తుంది. అరుగుదల అందరికీ సమానంగా పడుతుంది. క.సా.గు. పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

క్రౌను, పినియన్ జతగా చేస్తారు. ఒకటి ఒక బండిది, ఇంకోటి ఇంకో బండిది వేయకూడదు. బిగించేటప్పుడు పళ్ళకు రంగు పూసి, తిప్పి, ఆ రంగు పన్ను మధ్యలో అంటిందో అంచున అంటిందో చూడాలి. పళ్ళ మధ్య సందు డయల్ గేజీతో కొలవాలి. అక్కడ తొందరపడితే ఇరుసు ఊళ పెడుతుంది, కొన్నాళ్ళకు పళ్ళు రాలతాయి. మేం మేస్త్రీ పక్కనే కూర్చుని ఈ రెండూ చేయించాం. సామాను, కూలీ, కొత్త గేరు ఆయిలు కలిపి 13,000 రూపాయలు అయింది.

కొత్త జతతో మొదటి ట్రిప్పు పోయి వచ్చాక తగువు మొదలైంది. మీటరు ప్రకారం తిరిగింది 192 కిలోమీటర్లు. పట్టిన డీజిల్ 18.3 లీటర్లు. భాగించి చూస్తే లీటరుకు పదిన్నర. పదకొండు వచ్చేది పదిన్నరకు పడింది. అమ్మేద్దాం అన్న కుటుంబంలో పెద్దాయన, "ఇరుసుకు పళ్ళు కట్టించి మన పళ్ళు రాలగొట్టారు" అన్నాడు. తాండా అంతా నవ్వింది. మాకు నవ్వు రాలేదు.

గురుకులంలో ఇంటర్ చదివే మా పిల్ల సెలవులకు వచ్చి ఉంది. "కాకా, గుంటూరు దగ్గరికి జరిగిందా?" అని అడిగింది. లేదన్నాం. "మరి 216 ఉన్న దారి 192 ఎట్లా అయింది?" అంది. మా బండిలో మీటరు కేబులు గేరుపెట్టె వెనక నుంచి వస్తుంది. అది షాఫ్టు చుట్లను లెక్కపెడుతుంది, చక్రం చుట్లను కాదు. షాఫ్టు ఇంతకు ముందు కన్నా తక్కువ తిరుగుతోంది, కాబట్టి మీటరు దూరాన్ని తక్కువ చూపిస్తోంది. క్రౌను రెండింటిలోనూ 41 పళ్ళే కాబట్టి తేడా 8కి 9. మీటరు 8 అంటే రోడ్డు 9. 192ని 9తో హెచ్చించి 8తో భాగిస్తే 216.

పెద్దాయన కాగితం మీద లెక్క ఒప్పుకోలేదు. ఒప్పుకోనక్కర్లేదు కూడా. తర్వాతి ట్రిప్పుకు ఆయన్నే ముందు సీట్లో కూర్చోబెట్టాం. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళు ఆయనే లెక్కపెట్టాడు. తొమ్మిది రాళ్ళు దాటేసరికి మీటరు ఎనిమిది తిరిగింది. మళ్ళీ తొమ్మిది, మళ్ళీ ఎనిమిది. నరసరావుపేట వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. అక్కడ టీ తాగుతూ, "రాయి అబద్ధం చెప్పదులే" అన్నాడు. అంతే. బండి అమ్మే మాట మళ్ళీ రాలేదు.

ఒకే బంకు, ఒకే పంపు, ట్యాంకు నిండి పంపు తనంతట ఆగేదాకా పట్టడం, టిక్కీలు అన్నే, నడిపేది ఒకరే. ఇలా మూడు ట్రిప్పులు చూశాం. 216 కిలోమీటర్లకు 18.3 లీటర్లకు కాస్త అటూ ఇటూ వచ్చింది. లీటరుకు 11.8. ట్రిప్పుకు 1.3 లీటర్లు మిగులు. లీటరు 100 రూపాయలనుకుంటే 130 రూపాయలు. పెట్టిన 13,000 తిరిగి రావాలంటే 100 ట్రిప్పులు వేయాలి. పత్తి, మిర్చి కలిపి మేం ఏడాదికి 80 ట్రిప్పులు వేస్తాం. ఏడాదీ పావుకు డబ్బు వెనక్కి వచ్చింది. వారానికి ఒక్కసారి కదిలే బండికి ఇది గిట్టుబాటు కాదు.

పోయిందీ ఉంది, అదీ చెప్పాలి. చక్రం దగ్గర లాగే బలం తొమ్మిదో వంతు తగ్గింది. వానాకాలం నల్లరేగడి దారిలో పొలం దాకా బండి తీసుకుపోవడం మానేశాం. పత్తి బస్తాలు ట్రాక్టరు మీద రోడ్డుకు తెచ్చి ఎక్కిస్తున్నాం. టాప్ గేరులో 40 కన్నా తగ్గితే ఇంజను కొట్టుకుంటుంది, అప్పుడు గేరు దించాల్సిందే. దించకుండా ముక్కించి నడిపితే మిగిలిన డీజిల్ కన్నా ఇంజను పనికి ఎక్కువ పోస్తాం. యర్రగొండపాలెం వైపు ఉన్న మా బంధువులు తమ బండికీ మార్చమన్నారు. వాళ్ళ బండి దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు ఎక్కుతుంది. వద్దన్నాం. ఘాటు ఎక్కే బండికి క్లచ్ కాలుతుంది, దిగేటప్పుడు ఇంజను పట్టు కూడా తగ్గుతుంది. లదేణి కాలంలోనూ కొండదారి ఎద్దు మీద మైదానపు బరువు వేసేవాళ్ళు కాదు.

ఇంకో రెండు జాగ్రత్తలు. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ బండిని కంపెనీ చేసిన తీరుకు భిన్నంగా మార్చడం గురించి చెబుతుంది. పని మొదలుపెట్టే ముందే రవాణా కార్యాలయంలోనూ, బీమా వాళ్ళ దగ్గరా అడగండి. రెండోది, స్పీడు ముల్లు కూడా తక్కువే చూపిస్తుంది. మీటరు 80 అన్నప్పుడు బండి 90లో ఉంటుంది. మా బండి డాష్‌బోర్డు మీద "8 = 9" అని రంగుతో రాయించాం. కొత్తగా స్టీరింగు పట్టుకునే ప్రతి పిల్లవాడికీ ముందు అది చదివిస్తాం.

పంతుళ్ళకు ఒక మనవి. నిష్పత్తుల పాఠం వచ్చిన రోజు పిల్లలను ఊళ్ళో ఆగి ఉన్న బండి దగ్గరికి తీసుకుపోండి. చక్రం లేపడం డ్రైవరు చేస్తాడు. గీతలు పిల్లల చేత గీయించండి, చుట్లు పిల్లల చేత లెక్కపెట్టించండి. 41 రావచ్చు, 37 రావచ్చు, ఇంకేదైనా రావచ్చు. వచ్చిన అంకె ఆ డ్రైవరుకు కూడా చెప్పి రండి. చాలామంది తమ బండి అంకె తెలియకుండానే ఇరవై ఏళ్ళు నడిపారు.