ముద్ర వేసే ఉద్యోగం

తానీషాగారి మంత్రి మాదన్న పేరు పెట్టుకున్న పేట మాది. అందుకేనేమో, సిఫార్సుతో కాని పని లేదని మా వీధిలో అందరికీ గట్టి నమ్మకం. పొద్దున్నే పాలప్యాకెట్టు కోసం తలుపు తీస్తానో లేదో, ఎదురింటి పిన్నిగారు సిద్ధం. "మావాడికి అమెరికా వీసా రెండుసార్లు ఇవ్వలేదుటమ్మా, నువ్వొక మాట చెప్పరాదూ?"

వీసా ఇచ్చేది ఆ దేశపు కాన్సులేటువాళ్ళు, పాస్‌పోర్టు ఇచ్చేది పాస్‌పోర్టు ఆఫీసువాళ్ళు. నేను చేసేదల్లా శంషాబాదు ఎయిర్‌పోర్టులో కౌంటరు వెనక కూచుని, ఆ రెండూ సరిచూసి ముద్ర వేయడం. ఆ మాట చెప్పగానే పిన్నిగారి దృష్టిలో నా పరపతి అమాంతం పడిపోయింది. "ఓస్, ముద్రేనా!" అన్నారు.

ముద్రే. కాని అది పడందే విమానం ఎక్కడం లేదు.

ఇమిగ్రేషన్ బ్యూరో 1971లో ఏర్పడింది. దొంగ పాస్‌పోర్టులు, పారిపోయే నేరస్థులు, గడువు దాటినా కదలని విదేశీయులు - మా ఉద్యోగమంటే సినిమావాళ్ళకి తెలిసినవి ఇవే. మా హైదరాబాదు కౌంటర్లో రోజూ ఎదురయ్యేది మాత్రం గల్ఫు. అర్ధరాత్రీ, తెల్లవారుజామునా బయల్దేరే ఆ విమానాల కోసం, ఇంట్లో అందరికీ అన్నాలు పెట్టి, మిగిలిన పప్పు ఫ్రిజ్జులో సర్ది, చాంద్రాయణగుట్ట దాటి డ్యూటీకి వెళతాను. "ఈ వేళప్పుడు ఉద్యోగమేమిటే?" అంటారు అత్తగారు ఇప్పటికీ. "ఈ వేళప్పుడు విమానాలేమిటని అడగండి అత్తయ్యా" అంటాను.

క్యూలో కరీంనగర్, నిజామాబాదు వైపు మగవాళ్ళు, కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళు, మా పాతబస్తీ ఆడవాళ్ళు. పదో తరగతి పాసు కానివాళ్ళ పాస్‌పోర్టు మీద 'ఈసీఆర్' అని ఉంటుంది. అలాంటివాళ్ళు గల్ఫుతో కలిపి 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే, 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ముందుగా సర్కారు అనుమతి కావాలి. ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకయితే 30 ఏళ్ళు నిండాలి. 2016 నుంచి వాళ్ళు ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలన్న నియమం కూడా వచ్చింది. ఇన్ని తలుపులు మూశాక ఏజెంట్లు కిటికీ వెతుక్కోరూ? ఆ కిటికీ పేరు విజిట్ వీసా. "చుట్టాల్ని చూసొస్తానని చెప్పు" అని నేర్పి పంపిస్తారు.

అందుకే మా పనిలో ముద్రకన్నా ప్రశ్న ముఖ్యం. 1991 ఆగస్టులో హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్ళే విమానంలో పదేళ్ళు దాటీదాటని ఒక పాతబస్తీ పిల్ల ఏడుస్తూ కూచుంది. పక్కన అరవై ఏళ్ళ సౌదీ ముసలాయన, ఆమె భర్తట! కాగితాలు చూసేవాళ్ళు కాదు, ఒక ఎయిర్ హోస్టెస్ "ఎందుకమ్మా ఏడుస్తున్నావు?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో ఆ పిల్ల దేశం దాటకుండా ఆగింది.

2017 జూలై దాకా మనవాళ్ళు కూడా దేశం విడిచేముందు ఒక కార్డు నింపాల్సి వచ్చేది. రాయడం రానివాళ్ళు సిగ్గుపడుతూ నా ముందు పెట్టేవాళ్ళు. నేను రాస్తూ రాస్తూ ఊరూ, పేరూ, పిల్లలూ అన్నీ అడిగేదాన్ని. కార్డు తీసేశారు, క్యూ తొందరగా కదులుతోంది, మాటలు తగ్గాయి. 2025 జనవరిలో మా దగ్గర ముఖం చూసి తెరుచుకునే ఈ-గేట్లు కూడా పెట్టారు. ముందుగా పేరు నమోదు చేసుకున్నవాళ్ళకి హాయే. కాని గేటు ముఖం చూస్తుంది గాని, ముఖంలో బెదురు చూడదు కదా!

ఒక రాత్రి నా ముందుకి వచ్చిన మనిషిని చూసి ఉలిక్కిపడ్డాను. మా కూరగాయల మార్కెట్లో కొత్తిమీర, పుదీనా అమ్మే అమ్మాయి. రోజూ "అక్కా, ఇంకో కట్ట తీస్కో" అనే మనిషి, ఆ రాత్రి నేనెవరో తెలియనట్టే "మా అక్కను చూసొస్తానికి పోతున్న మేడమ్" అంది. వయసు 27. విజిట్ వీసా, రిటర్న్ టికెట్టు, రెండూ సక్రమంగానే ఉన్నాయి.

"మీ అక్క ఏ ఊళ్ళో ఉంటుంది?" అని అడిగాను.

"దుబాయ్ల."

టికెట్టు మస్కట్‌కి ఉంది. ఎక్కడికి పోతోందో కూడా ఆ పిల్లకి తెలియదు! పై అధికారి దగ్గరికి పంపాను. విమానం ఆమె లేకుండానే వెళ్ళింది.

నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. అరైవల్స్ కౌంటర్లో కూచున్న రోజుల్లో, పాస్‌పోర్టు యజమాని దగ్గరే చిక్కుకుపోయి, ఎంబసీవాళ్ళిచ్చిన ఎమర్జెన్సీ సర్టిఫికెట్టనే ఒంటి కాగితంతో తిరిగొచ్చే ఆడవాళ్ళని చూశాను. సామాను కూడా ఉండదు, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి.

కాని వారం తర్వాత మార్కెట్లో ఆ అమ్మాయి కొత్తిమీర కట్ట నా సంచిలో పడేసి, "నన్ను ఆపినవ్ మేడమ్, మంచిదే. పుస్తెలు కుదవపెట్టి ఏజెంటుకిచ్చిన. మరి నా పిల్లల ఫీజు ఎవరు కడ్తరు?" అంది. మా రూలు పుస్తకంలో దానికి జవాబు లేదు. ఆపడం వరకే చట్టానికి తెలుసు; ఆగిపోయిన మనిషి తెల్లారి ఎలా బతకాలో అందులో రాయలేదు. పోయినవాళ్ళంతా చెడిపోలేదు; అక్కడి జీతంతో ఇళ్ళు కట్టినవాళ్ళు, ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసినవాళ్ళు మా పేటలోనే ఉన్నారు. ఆ అమ్మాయి ఇప్పటికీ నాకు కొసరు వేస్తుంది. పిలుపు మాత్రం "అక్కా" కాదు, "మేడమ్".

మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి ఒకనాడు "అమ్మా, వచ్చే నెల నుంచి రాను, గల్ఫు పోతున్నా" అంటుంది. కొత్త పనిమనిషి ఎక్కడ దొరుకుతుందన్నది మన మొదటి బెంగ, సహజమే. రెండో బెంగగానైనా ఆ వీసా కాగితం ఒకసారి తెమ్మనండి. విజిటా, పనికా? ఏ దేశానికి? ఏజెంటుకి సర్కారు రిజిస్ట్రేషన్ ఉందా? చదివి చెప్పండి. అనుమానంగా ఉంటే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో అడిగి రమ్మనండి. పాస్‌పోర్టు నకలు ఒకటి వాళ్ళింట్లో ఉంచమనండి. ఈ ప్రశ్నలు అర్ధరాత్రి నా కౌంటర్లో కన్నా, పట్టపగలు మీ వంటింటి గుమ్మంలో అడిగితే ఆమె మెడలో పుస్తెలు మెడలోనే ఉంటాయి.