పచ్చ ఏ రంగు?

తంగేడు పువ్వు ఏ రంగులో ఉంటుంది? ఈ ప్రశ్నకు ఒక పిల్లవాడు రాసిన జవాబును ఒకప్పుడు నేను తప్పని కొట్టివేశాను. ఆ ఎర్రసిరా గీత ఇప్పటికీ నన్ను వదలలేదు.

భద్రాచలం నుంచి పర్ణశాల వెళ్ళే దారిలో, అడవిని ఆనుకొని ఉన్న ఒక చిన్న బడిలో కొంతకాలం పాఠాలు చెప్పాను. అప్పటికది ఖమ్మం జిల్లా. నాకు ఇరవై రెండేళ్ళు. పిల్లలలో ఎక్కువమంది కోయవారు. ఇంట్లో మాట్లాడేది కోయ, బడిలో చదివేది తెలుగు. మూడవ తరగతి పరీక్షలో ఆ ప్రశ్న ఇచ్చాను. ఒక పిల్లవాడు "పచ్చ" అని రాశాడు. నేను చెప్పిన పాఠంలో ఉన్నది "పసుపు". సున్నా వేసి ఊరుకోలేదు. కిటికీలోంచి కనబడుతున్న టేకు చెట్టును చూపించి, "పచ్చ అంటే అది. అదీ తంగేడు పువ్వూ ఒకటేనా?" అని అందరి ముందూ అడిగాను. పిల్లలు నవ్వారు.

"రెండూ పచ్చే కదా సార్" అన్నాడు అతడు.

మొండితనం అనుకున్నాను. ఆ ఏడాదంతా నేను అడిగితే తప్ప అతడు మళ్ళీ నోరు విప్పలేదు.

చాలా ఏళ్ళ తరువాత, వేరే పదం కోసం బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువును తిరగేస్తూ ఒకచోట ఆగిపోయాను. పచ్చ, పసుపు, పసిడి, పసి. ఇవన్నీ ఒకే మూలం కింద ఉన్నాయి. ఆకు రంగూ, బంగారు రంగూ, లేతదనమూ అన్నీ ఆ ఒక్క మూలంలోనివే. తమిళంలోని 'పసు' కూడా ఆ కుటుంబానిదే.

నిఘంటువు దాకా ఎందుకు, నా నోటి మాటలనే నేను వినలేదు. పచ్చకామెర్లు వచ్చినవాడి కళ్ళు ఆకు రంగుకు మారవు. పైరు పచ్చగా ఉంటుంది, మేలిమి బంగారమూ పచ్చగానే ఉంటుంది. రామదాసు చేయించాడని చెప్పే పచ్చల పతకంలో పచ్చ అంటే మరకతం. రైలుకు ఊపే పచ్చజెండా రంగు వేరు, 1982లో పుట్టిన తెలుగుదేశం పార్టీ పచ్చజెండా రంగు వేరు. వినేవాళ్ళెవరూ తికమకపడరు. 'ఆకుపచ్చ', 'పసుపుపచ్చ' అన్న మాటలే సాక్ష్యం. ఒకే పచ్చకు ఒకవైపు ఆకునూ, మరొకవైపు పసుపుకొమ్మునూ తగిలించి రెండు చేసుకున్నాము.

ఒక్క పచ్చతోనే ఆగదు. నల్ల, తెల్ల, ఎర్ర, పచ్చ అచ్చతెలుగు మాటలు. నీలం సంస్కృతం నుంచి వచ్చింది, గులాబీ పారశీకం నుంచి. నీలోత్పలాన్ని తెలుగువాడు నల్లకలువ అన్నాడు. "ఎర్రగా బుర్రగా ఉన్నాడు" అంటే మనిషి రక్తపు రంగులో ఉన్నాడని కాదు గదా! 1969లో బెర్లిన్, కే అనే ఇద్దరు అమెరికన్ పండితులు అనేక భాషలను పోల్చి, రంగుల పేర్లు ఇంచుమించు ఒక వరుసలో ఏర్పడతాయని ప్రతిపాదించారు. ముందు నలుపు తెలుపులు, తరువాత ఎరుపు, ఆపైన పచ్చ పసుపులు, ఆ తరువాతే నీలం. ఆ సిద్ధాంతానికి తరువాత ఎన్నో సవరణలు జరిగాయి కాని, మన అచ్చతెలుగు మాటలు మాత్రం ఆ వరుసకు చక్కగా ఒదుగుతాయి.

వారికి నూరేళ్ళకు పైగా ముందు, 1858లో, గ్లాడ్‌స్టన్ హోమరు కావ్యాలను పరిశీలించాడు. తరువాత నాలుగుసార్లు బ్రిటన్ ప్రధాని అయిన మనిషి. ఆ కావ్యాలలో సముద్రం ద్రాక్షాసవంలా కనబడుతుంది, ఆకాశానికి నీలమన్న మాటే ఉండదు. ఆనాటి గ్రీకుల కంటికి రంగులను పోల్చుకునే శక్తి పూర్తిగా వికసించలేదని ఆయన తలచాడు. లోపం కంటిలో లేదనీ, భాషలు రంగులను పంచుకునే తీరే వేరనీ తరువాతివారు గ్రహించారు.

గ్లాడ్‌స్టన్ అంత చదువు లేకుండానే నేనూ ఆ పొరపాటే చేశాను. ఆ పిల్లవాడు టేకు ఆకుకూ తంగేడు పువ్వుకూ తేడా తెలియనివాడా? అడవిలో పుట్టినవాడు. ఏ చెట్టు ఎప్పుడు చిగురిస్తుందో నాకంటే అతనికే బాగా తెలుసు. పైగా తనది కాని భాషలో, ఆ భాష ఇంటి భాషగా ఉన్న నాకంటే పాత మాటను అతడే నిలుపుకొన్నాడు.

2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. ఇప్పుడు ఆ దారిన పోతూ ఉంటే బోర్డు చూస్తే తప్ప ఏది ఎవరిదో తెలియదు. హద్దులు అవసరమే, కాదనను. బడిలో పసుపు వేరు, ఆకుపచ్చ వేరు అని నేర్పవలసిందే. కాని ఆ గీత నిన్న మొన్న గీసుకున్నదని పంతులుకైనా తెలిసి ఉండాలి.

మొన్న బతుకమ్మ రోజులలో ఆ బడి ముందు నుంచి వెళ్ళాను. గట్టున తంగేడు విరగబూసి ఉంది. "ఎంత పచ్చగా ఉందో!" అనుకున్నాను, అప్రయత్నంగా. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు తంగేడు పువ్వును ఏ రంగు అనేవారో ఒకసారి గుర్తు చేసుకొని చూడండి.