ఓడలో మన గది ఎక్కడ?

ఓడ ప్రయాణానికి వెళ్తున్నామనగానే చుట్టాలంతా అడిగింది ఒకటే: తలకి ఎంతయింది? ఆ తర్వాత తిండి ఎలా ఉంటుందని. గది ఏ అంతస్తులో వచ్చింది, ముందువైపా వెనకవైపా అని ఒక్కరూ అడగలేదు. రైలు టికెట్టు తీస్తే లోయర్ బెర్త్ కోసం మొక్కుకునే జనం మనం. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకునే జనం. అలాంటివాళ్లం ఓడ దగ్గరికొచ్చేసరికి 'ఏదో ఒకటి ఇచ్చేయండి' అనేస్తాం.

మాది విశాఖలో ఎక్కి, పుదుచ్చేరి చూసుకుని, చెన్నైలో దిగే ప్రయాణం. కార్డీలియా అనే కంపెనీ వాళ్ల ఎంప్రెస్ ఓడ. అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు. ఇంట్లో ఎవరికీ ఓడ అలవాటు లేదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నాన్నకు నాలుగింటికే మెలకువ. మా వాడికి ఘాట్ రోడ్డులో రెండు మలుపులు తిరిగితే చాలు, కవరు అందించాలి. మా బావమరిది వాళ్లు కూడా అదే ఓడలో వస్తామన్నారు గానీ, బుకింగ్ వాళ్లంతట వాళ్లే చేసుకున్నారు. వాళ్ల కథ తర్వాత వస్తుంది.

ఏజెంటు కుర్రాడు ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న, "ఇన్‌సైడా, ఓషన్ వ్యూనా, బాల్కనీనా సార్?" అని. అంటే కిటికీ లేని గదా, కిటికీ ఉన్నదా, బయట కూర్చునే చోటున్నదా అని. ధరలన్నీ ఈ మూడింటి మీదే నడుస్తాయి. ఏ అంతస్తులో ఏ గది ఎక్కడుందో చూపే డెక్ ప్లాన్ పంపమన్నాను. "అదెందుకు సార్, రూమ్ నంబరు కంపెనీయే వేసేస్తుంది, రేటు కూడా తగ్గుతుంది" అన్నాడు. నిజమే, తగ్గుతుంది. కొత్తగా పెళ్లైన జంటకైతే ఆ పద్ధతి బ్రహ్మాండం. మోకాళ్ల నొప్పుల మనిషినీ, ఘాట్ రోడ్డు పిల్లవాణ్నీ వెంటేసుకున్నవాడికి పనికిరాదు. ఆ గది ఓడ ముక్కు మీద పడొచ్చు, తోక మీద పడొచ్చు, డాన్సు హాలు కిందా పడొచ్చు. పడ్డాక మార్చమని అడిగే హక్కు సాధారణంగా ఉండదు.

డెక్ ప్లాన్ వచ్చింది. ప్రింటు తీసి భోజనాల బల్ల మీద పరిచాం. ఎంప్రెస్ కొత్త ఓడ కాదు. 1990లో ఫ్రాన్సులోని సెయింట్ నజైర్‌లో కట్టారు. అప్పటి పేరు నార్డిక్ ఎంప్రెస్. మయామీ నుంచి బహామాస్‌కు మూణ్నాలుగు రోజుల చిన్న ప్రయాణాల కోసమని తయారుచేసిన ఓడ. ఆ తర్వాత ఎంప్రెస్ ఆఫ్ ద సీస్ అయింది, కొన్నాళ్లు స్పెయిన్ కంపెనీ కింద తిరిగింది, 2021లో మన దేశానికొచ్చింది. పొడవు 211 మీటర్లు, లోపలి చోటును బట్టి కట్టే గ్రాస్ టన్నుల లెక్కలో 48,500 పైచిలుకు. ఇప్పటి ఐకాన్ ఆఫ్ ద సీస్ లాంటివి రెండున్నర లక్షల టన్నుల దరిదాపుల్లో ఉన్నాయి, వాటి పక్కన పెడితే ఇది చిన్నదే. గదికో బాల్కనీ పెట్టడం అన్న పద్ధతి ఓడల్లో ఇంకా స్థిరపడని రోజుల్లో కట్టింది కాబట్టి, ఇందులో బాల్కనీ గదులు కొద్దే. ఎక్కువ భాగం కిటికీవి, కిటికీ లేనివి. ఈ సంగతి తెలిశాక నాకు సగం బరువు దిగింది. బాల్కనీ కోసం పడే తగువు తప్పింది. ఇక మిగిలింది, గది ఎక్కడ అన్నదే.

సముద్రంలో ఓడ ముఖ్యంగా రెండు రకాలుగా ఊగుతుంది. ముక్కు పైకి లేచి కింద పడుతుంటే తోక అందుకు ఎదురుగా లేచి పడుతుంది. ఇదొకటి. కుడికీ ఎడమకూ ఒరగడం రెండోది. పల్లెవెలుగు బస్సులో వెనక సీటుకీ నడిమి సీటుకీ తేడా తెలిసినవాళ్లకు మొదటిది వేరే చెప్పనక్కర్లేదు. రెండోదానికి ఎత్తు లెక్క: పై అంతస్తుకు పోయేకొద్దీ ఒరుగుడు ఎక్కువ. అందుకే నడిమి భాగంలో, కింది అంతస్తుల్లో ఉన్న గది అన్నిటికన్నా నిలకడగా ఉంటుంది. చిత్రమేమిటంటే చాలా ఓడల్లో పైకి పోయేకొద్దీ ధర పెరుగుతుంది. అదే రకం కిటికీకి పై అంతస్తులో ఎక్కువ డబ్బు కట్టి, ఎక్కువ ఊగుడు కొనుక్కుంటాం.

ఓడలకు నీటి కింద రెండు పక్కలా రెక్కల్లాంటివి ఉంటాయి, స్టెబిలైజర్లంటారు. అవి ఉన్నాయి కాబట్టి ఏమీ తెలియదని ఏజెంట్లు ధైర్యం చెబుతారు. అవి పక్కలకు ఒరగడాన్ని బాగా అణుస్తాయి. ముక్కు లేచి పడటాన్ని మాత్రం పెద్దగా ఆపలేవు. పైగా ఓడ పరుగు మీద ఉన్నప్పుడే వాటి ప్రభావమంతా. మేం వెళ్లింది వానాకాలం. నైరుతి రుతుపవనాల రోజుల్లో కెరటం దక్షిణం నుంచీ నైరుతి నుంచీ వస్తుంది. విశాఖ నుంచి మేం పోవలసింది కూడా అటే. అంటే పుదుచ్చేరి దాకా ఎదురు కెరటమే. ముందు భాగంలో ఏ గదీ వద్దని అప్పుడే గీత కొట్టేశాను.

అమ్మకు వేరే బెంగ. "కిటికీ లేని గదిలో ఊపిరాడుతుందట్రా?" అంది. ఏసీ గాలి వస్తుందని చెప్పినా మొహంలో నమ్మకం లేదు. అమ్మానాన్నలకు కిటికీ గది, దానికి సరిగ్గా ఎదురుగా, కారిడార్‌కు అవతలి పక్క మాకూ పిల్లలకూ కిటికీ లేని గది. ఇది తేల్చడానికి సాయంత్రమంతా పట్టింది. ఒక్కో గదిలో నలుగురు చొప్పున సర్దుకోవచ్చు కదా అంటారు. సర్దుకోవచ్చు, గోడలోంచి మడతమంచాలు దింపుతారు. కానీ అవి దింపాక నేల మీద రెండు పెట్టెలు పెడితే మనిషి నిలబడే చోటుండదు. పైమంచం ఎక్కడానికి నిచ్చెన. అమ్మ కాళ్లకు ఆ నిచ్చెనా, దాని నీడా రెండూ వద్దనుకున్నాను. ఎదురెదురు గదులైతే కిటికీ ఒకటే కొన్నా అందరిదీ అవుతుంది. పిల్లలు పొద్దస్తమానం నానమ్మ గదిలోనే ఉన్నారు, నిద్రకు మాత్రం చీకటి గదికి వచ్చారు.

కిటికీ ఎటువైపు ఉండాలన్నదీ చూశాను. విశాఖ నుంచి దక్షిణానికి పోతుంటే తీరం కుడిచేతి వైపు, తూర్పు ఎడమచేతి వైపు. తీరం కనిపిస్తుందేమో అన్న ఆశతో చాలామంది కుడివైపు అడుగుతారట. ఓడ ఒడ్డుకు చాలా దూరంగా పోతుంది, పగలంతా రెండు వైపులా నీళ్లే. నాన్నకు పొద్దుపొడుపు కావాలి. ఎడమవైపు తీసుకున్నాం. ఒకటి మాత్రం చూసుకోవాలి: కొన్ని కిటికీల ముందు ప్రాణరక్షక పడవలు వేలాడుతుంటాయి. అలాంటి గదికి ధర తగ్గిస్తారు. తెలిసి తీసుకుంటే లాభమే, తెలియక తీసుకుంటే పొద్దస్తమానం నారింజరంగు పడవ అడుగు చూస్తూ కూర్చోవాలి.

గది లిఫ్టు దగ్గరుండాలి, మరీ పక్కనే ఉండకూడదు. ఓడలో అర్ధరాత్రి దాకా పాటలూ ఆటలూ ఉంటాయి, అవి అయ్యాక జనం లిఫ్టు దగ్గర చేరి మాట్లాడుకుంటారు. మన జనం మాటల సంగతి చెప్పాలా! నాలుగైదు తలుపుల అవతల గది ఉంటే అమ్మ నడవగలదు, నాన్న పడుకోగలడు. అంతకన్నా ముఖ్యం, మన నెత్తి మీదా, మన కాళ్ల కిందా ఏమున్నాయన్నది. ఒక అంతస్తు ప్లాను మాత్రమే చూస్తే ఇది తెలియదు. పై అంతస్తు కాగితాన్ని కింది అంతస్తు కాగితం మీద పెట్టి వెలుతురుకు పట్టి చూడాలి. పైనా కిందా కూడా గదులే ఉన్నాయా, ఆ చోటు మంచిది. పైన ఈతకొలనుంటే తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు. వంటశాల ఉంటే బండ్ల చక్రాల మోత. మా స్నేహితుడొకాయన సింగపూర్‌లో వేరే ఓడ ఎక్కి, నాట్యశాల పైన గది తెచ్చుకుని, రాత్రి ఒంటిగంట దాకా మంచం కోళ్లలోంచి డ్రమ్ములు విన్నాడు. మలక్కా జలసంధిలో సముద్రం సాధారణంగా శాంతంగా ఉంటుంది కాబట్టి అక్కడ ఊగుడు భయం తక్కువ. అక్కడికి వెళ్లేవాళ్లు చప్పుడు సంగతే ముందు చూసుకోవాలి.

ప్రయాణం రోజు రానే వచ్చింది. 2023లో ప్రారంభించిన విశాఖ క్రూయిజ్ టెర్మినల్ విమానాశ్రయంలా ఉంది. సామాను తనిఖీ, పాస్‌పోర్టు సైజు ఫొటో, చేతికి కార్డు. ఆ కార్డే గది తాళం, ఆ కార్డే పర్సు. ఓడ కదిలి డాల్ఫిన్స్ నోస్ కొండను దాటుతుంటే జనమంతా పై డెక్ మీదే ఉన్నారు. ఊరు వదిలే ఆ దృశ్యానికి గది కిటికీతో పనే లేదు.

కొండ చాటు దాటిన కాసేపటికి ఊగుడు మొదలైంది. బావమరిది వాళ్లు ఓడ ముందు భాగంలో, పై అంతస్తులో గది తీసుకున్నారు. ముందుంటే వ్యూ బాగుంటుందని ఆయన లెక్క. రాత్రి భోజనాలకు ముగ్గురిలో ఒక్కడే వచ్చాడు. పలకరిద్దామని వాళ్ల గదికి వెళ్తే, అలమరలో ఖాళీ హాంగర్లు లయ తప్పకుండా టకటకమంటూ చెక్కకు కొట్టుకుంటున్నాయి. బల్ల మీద గ్లాసులో నీళ్లు ఒక అంచు నుంచి రెండో అంచుకు వంగుతున్నాయి. నేల కాళ్ల కిందినుంచి జారి మళ్లీ వచ్చి తగులుతోంది. "ఈ హాంగర్లు తీసి పెట్టె కింద పెట్టండి అన్నయ్యగారూ, ముందు వాటి చప్పుడు ఆపండి" అంది మా ఆవిడ వదిన, కళ్లు మూసుకునే. మా గదికొచ్చి అలమర తెరిచి చూశాను. హాంగర్లు కదులుతున్నాయి గానీ ఒకదాన్నొకటి తాకడం లేదు. ఒకే ఓడ, ఒకే సముద్రం, ఒకే గంట.

మా వాడికి కూడా కాస్త తిప్పింది, లేదనను. డాక్టరును అడిగి తెచ్చుకున్న మాత్ర ముందే వేశాం. కిటికీ లేని గదిలో ఒక చిక్కుంది. చెవి లోపలి భాగం కదులుతున్నామంటుంది, కళ్లు మాత్రం గోడలు కదలడం లేదంటాయి. ఆ పేచీయే వికారం. అందుకని పగటిపూట వాణ్ని గదిలో ఉంచకుండా నడిమి డెక్ మీదికి తీసుకెళ్లి ఆకాశం, నీళ్లు కలిసే గీతను చూడమన్నాం. అరగంటలో తేరుకుని ఐస్‌క్రీం అడిగాడు.

పుదుచ్చేరి దగ్గర ఇంత ఓడను ఒడ్డుకు చేర్చే వీలు లేదు. దూరంగా లంగరు వేసి, జనాన్ని చిన్న పడవల్లో దింపుతారు. లంగరు గొలుసు దిగే చప్పుడు నడిమి భాగానికి ఎక్కడో ఉరుములా వినిపించింది. ముందు భాగం వాళ్లు మంచాల మీద లేచి కూర్చున్నారట. రేవులో ఆనేటప్పుడు కూడా ముక్కు దగ్గర నీటిని పక్కకు తోసే మోటార్లు తిప్పుతారు, తెల్లవారుజామున అదే అలారం. వెనక భాగం వాళ్లకు ప్రొపెల్లర్ల అదురు. ఇది ఏ ఓడకైనా ఉన్న లక్షణమే, ఫిర్యాదు చేయాల్సిన విషయం కాదు.

ఇంకొక్క సంగతి. ఓడ బయల్దేరేముందు అందరికీ భద్రతా కసరత్తు ఉంటుంది. 2012లో ఇటలీ తీరంలో కోస్తా కాంకోర్డియా ఒరిగి 32 మంది చనిపోయాక, కొత్తగా ఎక్కినవాళ్లకు ఇది ఓడ కదిలేలోపు గానీ, కదిలిన వెంటనే గానీ చేయించాలని నిబంధన బిగించారు. గది తలుపు వెనక దారి బొమ్మ ఉంటుంది. ప్రమాదమొస్తే లిఫ్టు ఎక్కకూడదు. మా గదినుంచి మెట్లకు ఎన్ని తలుపులో పాప చేత లెక్కపెట్టించాను. కారిడార్లన్నీ ఒకేలా ఉంటాయి, అదే తివాచీ, అదే లైట్లు. అమ్మ గుర్తుపట్టలేక రెండుసార్లు అటు చివరిదాకా వెళ్లింది. ఓడ తలుపులు ఇనుపవి కదా, పాప బ్యాగుకున్న సింహాద్రి అప్పన్న అయస్కాంతం బిళ్ల తీసి నానమ్మ తలుపుకు అంటించింది. ఆ తర్వాత మా కారిడార్‌లో మరో ఇద్దరు పెద్దవాళ్లు కూడా అప్పన్నను చూసే తమ తలుపు పట్టుకున్నారు.

బాల్కనీ గురించి అడిగేవాళ్లకు నా మాట: అలాస్కాలాంటి చోట మంచుకొండల మధ్య పోయేటప్పుడు దానికి పెట్టిన డబ్బు దండగ కాదు. మూడు రాత్రుల బంగాళాఖాతానికి, అందులోనూ చిన్నపిల్లలతో, అక్కర్లేదు. ఆ తేడా డబ్బుతో రెండో గది తీసుకోవచ్చు.

కుటుంబంతో మొదటిసారి ఓడెక్కుతున్నవాళ్లు నడిమి భాగం, కింది అంతస్తులు, పైనా కిందా గదులే ఉన్న చోటు, లిఫ్టుకు నాలుగైదు తలుపుల దూరం అడగండి. గది నంబరు కాగితం మీద రాసిచ్చేదాకా ఏజెంటుకు అడ్వాన్సు కట్టకండి.