కుక్క ‘బయట చేరడం’ కాదది

నేను వైద్యం చేసేది మనుషులకే. అయినా మా వీధిలో ఎవరింటి కుక్కకు రక్తపు చుక్కలు కనిపించినా ముందు నా దగ్గరికే వస్తారు. పశువుల డాక్టరును ఈ మాట అడగడానికి ఎందుకో మొహమాటం! మొన్న ఒక ఇల్లాలు గొంతు తగ్గించి, “డాక్టరుగారూ, మా రాణి బయట చేరిందండీ. మూడు రోజులు కట్టేస్తే చాలా?” అన్నది.

చాలదు. తిరకాసంతా ఆ పోలికలోనే ఉంది. స్త్రీలకు అండం విడుదలయ్యాక, గర్భం నిలవకపోతే, సుమారు 2 వారాలకు రక్తస్రావమవుతుంది. కుక్కకు అండం విడుదల కాకముందే రక్తం కనిపిస్తుంది. మొదటి 9 రోజులు, కాస్త అటూ ఇటూగా, మగకుక్కలు ఎంత చుట్టూ తిరిగినా దగ్గరికి రానివ్వదు. తర్వాత ఆ ఎరుపు పలచబడి ఎండుగడ్డి రంగుకు వస్తుంది. “అమ్మయ్య, తగ్గింది” అని మీరు గొలుసు విప్పేది అప్పుడే, అది చూలు కట్టేదీ అప్పుడే! కొన్నింటికి ఎరుపు చివరిదాకా పోదు. కొన్ని ఎప్పటికప్పుడు నాకేసుకుంటాయి, మీకు చుక్కైనా కనబడదు. అందుచేత మొదటి చుక్క చూసిన రోజున క్యాలెండరులో గుర్తు పెట్టుకుని కనీసం 3 వారాలు కాపలా కాయండి. పెరట్లో కట్టేశాం కదా అనుకోవద్దు, మగకుక్కకు ప్రహరీగోడ ఒక లెక్కా?

వీధికుక్కలకు చిత్తకార్తె అంటారుగాని, ఇంటికుక్క ఏ నెలలోనైనా ఎదకు రావచ్చు. సాధారణంగా ఆరేడు నెలలకోసారి. ముట్లుడగడమన్నది వాటికి లేదు.

జతకట్టి అతుక్కున్న కుక్కలను రాళ్లు వేసి విడదీయబోకండి. కాసేపటికి అవే విడిపోతాయి. అడ్డంపోయి కరిపించుకున్నవాళ్లకు సూదులు వేసేది నేనే. కరిస్తే కారం, పసుపు పెట్టకుండా, సబ్బుతో ధారనీళ్ల కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి రండి.

నన్ను భయపెట్టేది మరొకటుంది. ఎద ముగిసిన ఒకటి రెండు నెలల్లో కుక్క తిండి మాని, తెగ నీళ్లు తాగుతూ, మూలన పడుకుంటే గర్భసంచిలో చీము పట్టిందేమోనని అనుమానించాలి. చీము బయటికి కారకపోతే మరీ ప్రమాదం. తెల్లారనీ అనుకోకుండా పశువుల ఆసుపత్రికి తీసుకుపోండి. ఎద రాకుండా వేసే హార్మోను సూదులు కూడా ఈ జబ్బుకు దారితీయవచ్చు.

పిల్లలు వద్దనుకుంటే గర్భసంచి, అండాశయాలు తీసివేసే ఆపరేషన్ ఉంది. ఒక్క ఈతన్నా కానివ్వాలంటారు పెద్దలు. దానికి వైద్యంలో ఆధారమేమీ లేదు. పుట్టిన పిల్లలను గోనెసంచిలో వేసి ఊరవతల వదిలి వచ్చేది కూడా ఆ ఇంటివాళ్లే! ఆపరేషన్ మామూలుగా ఎద ముగిసిన 2, 3 నెలలకు చేస్తారు. ముందు ఎన్ని గంటలు తిండి ఆపాలో పశువుల డాక్టరునే అడగండి, మొహమాటపడకుండా.